పాత కమారోకి డ్యూయల్ ఎగ్జాస్ట్: 3 ఇంచుల పైపులు వేస్తే పవర్ పెరుగుతుందా?

మీ బండి 1973 షెవర్లే (షెవీ) కమారో, అమెరికన్ స్పోర్ట్స్ కారు. 350 క్యూబిక్ ఇంచుల వీ8 ఇంజిన్ (ఎనిమిది సిలిండర్లు, వైపుకి నాలుగు), సింగిల్ ఎగ్జాస్ట్, అంటే ఒకటే పొగ గొట్టం. 3 ఇంచుల పైపులు రెండు వేయించాలా, వాటిని కలపడానికి మధ్యలో ఎక్స్ పైప్ (X ఆకారపు లంకె) పెట్టాలా, హెచ్ పైప్ (H లా అడ్డంగా వేసే గొట్టం) పెట్టాలా అని అడిగారు.

నాదీ అదే తరం బండి, అదే ఇంజిన్. డాలస్‌లో మా గ్యారేజీలో ఉంది. ఎగ్జాస్ట్ రెండుసార్లు చేయించాను. మొదటిది తగలేశాను కాబట్టే రెండోది.

మొదటిసారి నేనూ 3 ఇంచులకే మొగ్గాను, పైపు ఎంత లావుంటే అంత మంచిదని. పవర్ ఏమీ పెరగలేదు. స్పీడ్ హంప్ వచ్చిందంటే కింద గీసుకునేది. గుంతలో పడితే వెనక ఆక్సిల్‌కి తగిలి ఠంగుమనేది. హైవే మీద 2000 ఆర్‌పీఎం దగ్గర క్యాబిన్ అంతా ఒకటే హోరు. మా ఆవిడ ఒక్కసారి ఎక్కి, "ఇది కారా, పిండిమరా?" అంది.

తర్వాత లెక్క వేసుకున్నాను. బండగుర్తు ఏంటంటే, ఒక్కో హార్స్‌పవర్‌కి 2.2 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) గాలి పోవాలి. పైపు లోపలి వైశాల్యంలో ఒక చదరపు ఇంచుకి 115 సీఎఫ్‌ఎం దాకా పోతుంది. 350 హార్స్‌పవర్ అనుకుంటే 770 సీఎఫ్‌ఎం, అంటే 6.7 చదరపు ఇంచులు, ఒక్కో వైపు 3.35. రెండుంపావు ఇంచుల పైపుకి గోడ మందం తీసేస్తే లోపల 3.5 చదరపు ఇంచులు ఉంటుంది. సరిపోయింది! రెండున్నర వేస్తే 450 హార్స్‌పవర్ దాకా బెంగ లేదు. నా ఇంజిన్ 300 దాటదు. ఇక 3 ఇంచులు దేనికి?

అసలు సంగతి పైపుల లావులో కాదు, రెండింటినీ కలిపే లంకెలో ఉంది. షెవీ ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు పేలే వరస, 1-8-4-3-6-5-7-2. ఎడమ వైపున్నవి 1, 3, 5, 7. చూడండి, 5 పేలిన వెంటనే పక్కనే ఉన్న 7 పేలుతుంది. ఒకే గుమ్మంలోంచి ఇద్దరు ఒకేసారి దూరినట్టు. ఆ క్షణంలో కుడి పైపు ఖాళీగా ఉంటుంది. లంకె ఉంటే ఆ ఒత్తిడిలో కొంత అటు పోతుంది. కుడి వైపు 8, 4 వరసగా పేలినప్పుడు ఇటు వస్తుంది. హెచ్ పైప్‌తో శబ్దం గంభీరంగా, పాత వీ8 లాగే గుడగుడమంటుంది. ఎక్స్ పైప్‌తో నున్నగా, కాస్త కీచుగా వస్తుంది. నేను హెచ్ పెట్టాను. రుచి ఒక కారణం, గేర్‌బాక్స్‌ని మోసే అడ్డ దూలం (క్రాస్‌మెంబర్) దగ్గర ఎక్స్‌కి చోటు లేకపోవడం ఇంకో కారణం. ఎక్కడ పెట్టాలో తెలియడానికి పాతకాలం చిట్కా ఒకటుంది: పైపుల మీద మామూలు నల్ల పెయింట్ కొట్టి ఇంజిన్‌ని కాసేపు రైజ్ చేసి ఉంచితే, బాగా వేడెక్కే చోట పెయింట్ మాడిపోతుంది. అక్కడే లంకె. నేను కింద పడుకుని టార్చి వేసి చూస్తే క్రాస్‌మెంబర్‌కి బెత్తెడు ముందు మాడింది. అదృష్టం.

వంపులు మాత్రం మాండ్రెల్ బెండ్‌వే (లోపల గుండు పెట్టి, పైపు నొక్కుకుపోకుండా వంచినవి) తీసుకోండి. మొదటి షాపువాళ్లు మామూలు బెండర్‌తో వంచితే పైపు వంపు దగ్గర చప్పిడి ముక్కులా నొక్కుకుపోయింది. 3 ఇంచులకి డబ్బు కట్టి, ఆ చోట రెండున్నరతో సరిపెట్టుకున్నాను.

అన్నీ ముందు టాక్ (చిన్న చిన్న వెల్డింగ్ చుక్కలు) వేసి బిగించి చూడండి. ఒకసారి ఆక్సిల్ కింద స్టాండ్లు పెట్టి, ఒకసారి ఆక్సిల్‌ని వేలాడదీసి. రెండుసార్లూ ఆక్సిల్‌కి, బ్రేక్ లైన్‌కి, పెట్రోల్ ట్యాంకుకి కనీసం ఒక ఇంచు సందు ఉండాలి, ఎక్కువుంటే ఇంకా మంచిది. ఆక్సిల్‌కి ముందు క్లాంప్ జాయింట్ పెట్టించండి, లేకపోతే రేపు ఊడదీయాలంటే కోయాల్సిందే.

(తన నాలుగు సిలిండర్ల కారుకి కూడా రెండు గొట్టాలు పెట్టొచ్చా అని కామెంట్లలో అడిగిన హైదరాబాద్ తమ్ముడికి: నాలుగు సిలిండర్ల కారుకి ఇంజిన్ దగ్గర మానిఫోల్డ్ ఒకటే. వెనక రెండు గొట్టాలు పెట్టడం ఉత్త సోకు. పోలీసులు ఆపితే సైలెన్సర్ పీకేస్తారు, జాగ్రత్త.)

హోరు సంగతి. 2000 ఆర్‌పీఎం దగ్గర వీ8 సెకనుకి 133 సార్లు పేలుతుంది. దానికి తగ్గట్టు, చివర మూసేసిన ఒక పక్క పైపు, సుమారు 80 సెంటీమీటర్లది, మెయిన్ పైపుకి అతికిస్తే ఆ శబ్దం చాలావరకు చచ్చిపోతుంది. నాకు రెండు వైపులా ఒక్కోటి పెట్టడానికి ఒక శనివారం పట్టింది. ఇప్పుడు మా ఆవిడ హైవే మీద కూడా ఇండియాకి ఫోన్ చేసి మాట్లాడుతోంది.