ఎండాకాలం ఫ్రాంచైజీ తీసుకునే స్టూడెంట్లు సంతకానికి ముందు వేసుకోవాల్సిన లెక్క

ప్రశ్న ఇది: నల్గొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే ముగ్గురు దోస్తులు మార్చి మధ్య నుంచి మే ఆఖరు దాకా లస్సీ, ఫాలుడా అమ్మే ఒక బ్రాండు కియోస్కు పెట్టాలనుకుంటున్నారు. ఫ్రాంచైజీ ఫీజు లక్షన్నర, డిపాజిట్ యాభై వేలు. నష్టం వస్తే ఎంత దాకా వస్తుంది, ఎక్కడ ఇరుక్కుంటాం అని అడిగారు.

తమ్ముడూ, ఈ లైన్‌లో సరుకు అమ్ముడుపోక మునిగేవాళ్ల కన్నా రోజులు చాలక మునిగేవాళ్లే ఎక్కువ. ఏడాది పొడుగునా నడిచే దుకాణంలో ఒక నెల గిరాకీ పడిపోతే వచ్చే నెల సర్దుకుంటుంది. నీకు వచ్చే నెలే ఉండదు. కంపెనీ మాత్రం ఫీజు ఏడాది దుకాణానికి వేసినట్టే వేస్తుంది. అందుకే ముందు రోజుల లెక్క చెయ్యి, లాభం సంగతి తర్వాత.

ఫీజు 1,50,000 అన్నారంటే దాని మీద 18 శాతం జీఎస్టీ, 27,000 వేరే కట్టాలి. నీకు సొంత జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే ఆ 27 వేలు మళ్లీ సర్దుకునే దారి లేదు, ఖర్చు కిందే రాసుకో. మిగతావి ఉదాహరణకు ఇలా వేద్దాం. మడిగె ముందు జాగాకు కిరాయి నెలకు 12,000, మూడు నెలలకు 36,000. హెల్పరు జీతం కూడా అంతే, 36,000. కరెంటు 12,000. బోర్డు, నీళ్ల క్యాన్లు, ఆటో కిరాయిలు, లైసెన్సులు అన్నీ కలిపి 15,000. మొత్తం 2,76,000. డిపాజిట్, ఫ్రీజర్ ఖరీదు ఇందులో కలపలేదు. ఇప్పుడు కప్పు 50 రూపాయలకు అమ్మితే సరుకుకు 24, అమ్మకంలో కంపెనీకి కట్టే ఐదు శాతం వాటా, అంటే రాయల్టీకి 2.50, కప్పు, స్పూను, వృథాకు 1.50 పోయి 22 మిగులుతాయి. 2,76,000ను 22తో భాగించు: 12,545 కప్పులు. ఇన్ని అమ్మితే పెట్టినవి వస్తాయి, అంతే. నీ కష్టానికి ఒక్క రూపాయి కూడా ఇంకా రాలేదు.

మార్చి 15 నుంచి మే 31 దాకా 78 రోజులు. వానలు, పరీక్షలు, సరుకు రాని రోజులు కలిపి 13 తీసెయ్. 65 రోజుల్లో రోజుకు 193 కప్పులు పడతాయి. పగలంతా నిలబడితే అదెంత అనిపిస్తుంది. కానీ నల్గొండలో ఎండ 44 డిగ్రీలు దాటిన రోజు పన్నెండు నుంచి నాలుగు దాకా రోడ్డు మీద మనిషి కనపడడు. చల్లటిది అమ్మేవాడికి బాగా ఎండ కొట్టే టైమే ఖాళీ టైము. అసలు గిరాకీ నాలుగున్నర నుంచి తొమ్మిది దాకా. ఆ నాలుగున్నర గంటల్లోనే 193 కప్పులంటే నిమిషంన్నర తిరక్కుండానే ఒక కప్పు చేతికి అందాలి. ఒక మిక్సీ, ఒక జారు, దాన్ని కడగడం, పైసలు తీసుకోవడం అన్నీ కలిపి చూస్తే ఒక్క మనిషితో అది నడవదు. కాబట్టి కంపెనీవాళ్లను నెలకు ఎంత వస్తుందని కాదు, ఈ మెషీన్‌తో ఇద్దరు నిలబడితే గంటకు ఎన్ని కప్పులు తీయొచ్చని అడుగు. చేయించి చూపించమను, వాచీ పెట్టి చూడు.

జాగా లెక్క కూడా అట్లాగే. క్లాక్ టవర్ దగ్గర జనం ఎక్కువని అక్కడే పెట్టాలనుకుంటారు. నడిచిపోయే జనం వేరు, ఆగి కొనే జనం వేరు. నువ్వు అనుకున్న చోటికి దగ్గర్లోని జ్యూస్ బండి పక్కన ఒక పనిదినం, ఒక ఆదివారం సాయంత్రం నిలబడి, గంటకు ఎన్ని గ్లాసులు పోతున్నాయో గీతలు పెట్టుకో. పాతుకుపోయిన బండికి గంటకు 25 గ్లాసులు పోతుంటే కొత్త బ్రాండుకు నీకు కావాల్సిన 43 (193ను నాలుగున్నర గంటలకు పంచితే వచ్చేది) పోతాయని అనుకోకు. చెరుకు రసం, తాటి ముంజలు, మజ్జిగ ప్యాకెట్ నీ కప్పు కన్నా చాలా తక్కువకు దొరికే ఊరు ఇది. ఇంకో మాట: ఫలానా జాగా ఇప్పిస్తానని మధ్యలో ఎవరైనా పైసలు అడిగితే ఇవ్వకు. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. బండి పెట్టుకునే గుర్తింపు పత్రం ఇచ్చేది మున్సిపాలిటీ, మధ్యవర్తి కాదు.

రోజులు పోయే మొదటి దారి కియోస్కు ఆలస్యం. ఎండాకాలం ఫ్రాంచైజీలన్నీ ఒకేసారి బుక్ అవుతాయి, కియోస్కులు తయారుచేసే ఫాబ్రికేషన్ షెడ్డు మీద అందరి ఆర్డర్లూ ఒకేసారి పడతాయి. మార్చి 15కు ఇస్తామన్నది 29కి వచ్చిందనుకో, నీకు మిగిలేవి 51 రోజులు. అదే 12,545 కప్పులకు రోజుకు 246 అమ్మాలి. అగ్రిమెంట్‌లో కియోస్కు అప్పగించే తేదీ రాయించు, ఆలస్యమైన ఒక్కో రోజుకు ఫీజులో ఇంత తగ్గిస్తామని రాయించు. దీనికి ఒప్పుకోని కంపెనీకి తేదీ మీద తనకే నమ్మకం లేదని అర్థం.

రెండో దారి వాన. 2025లో నైరుతి రుతుపవనాలు మే 26నే తెలంగాణలోకి వచ్చేశాయి, మామూలుగా అయితే జూన్ దాకా రావు. ఆ మే నెల అంతకుముందు కూడా చాలా రోజులు ముసురుగానే గడిచింది. 2020లో మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పడి సీజన్ మొదట్లోనే తెగిపోయింది. ఇలాంటి ఏడాదికి ఫీజులో ఎంత వెనక్కి ఇస్తారు, రాయల్టీ ఆపుతారా అన్నది కాగితం మీద ఉండాలి. లేకపోతే మొత్తం నీ నెత్తినే.

మూడోది ఫ్రీజర్. దీని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా. ఫ్రీజర్ వెనక రేటింగ్ ప్లేటు మీద క్లైమేట్ క్లాస్ అని ఉంటుంది. ఎస్‌టీ అని ఉంటే చుట్టూ 38 డిగ్రీల దాకా, టీ అని ఉంటే 43 డిగ్రీల దాకా పనిచేసేట్టు తయారైనట్టు. మన దగ్గర రేకుల నీడ కింద మే మధ్యాహ్నం 43 సులభంగా దాటుతుంది. అప్పుడు కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, వేడెక్కి ట్రిప్ అవుతుంది, చల్లారాక మళ్లీ మొదలవుతుంది. లోపల మైనస్ 18 ఉండాల్సింది మైనస్ 8కి వస్తే ఐస్‌క్రీమ్ మెత్తబడుతుంది, రాత్రి మళ్లీ గడ్డకడుతుంది. అలా కరిగి గట్టిపడిన సరుకులో పెద్ద పెద్ద ఐస్ పలుకులు వస్తాయి, నాలుకకు ఇసుక తగిలినట్టు ఉంటుంది. ఒకసారి తిన్న గిరాకీ మళ్లీ రాదు. కాబట్టి సెకండ్ హ్యాండ్ అయినా టీ క్లాస్‌దే చూడు. గోడకు, ఫ్రీజర్‌కు మధ్య జానెడు జాగా వదులు, ఆ సందులో అట్టపెట్టెలు కుక్కకు. సాయంత్రం లైట్లన్నీ వెలిగే టైముకు వోల్టేజీ పడిపోతుంది, స్టెబిలైజర్ లేకుండా నడపకు. లోపల ఒక థర్మామీటర్ పెట్టి పొద్దున, మధ్యాహ్నం మూడింటికి, మూసేటప్పుడు నోట్‌బుక్‌లో రాయి. సరుకు పాడైందని కంపెనీతో గొడవ వచ్చిన రోజు నీ దగ్గర సాక్ష్యం అదే. సరుకు సగమే ఉంటే ఖాళీలో గడ్డకట్టిన నీళ్ల సీసాలు పేర్చు, కరెంటు పోయినా చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. మేలో గాలిదుమారం వచ్చి తీగలు తెగితే కరెంటు గంటల తరబడి రాదు. అంతసేపూ మూత ఎత్తొద్దు. ఇంట్లో వాడే చిన్న ఇన్వర్టర్ కంప్రెసర్‌ను లాగుతుందని నమ్మకు, కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు తీసుకునే కరెంటు మామూలుగా తిరిగేటప్పటి కన్నా చాలా ఎక్కువ.

కరెంటు పక్కింటి మీటరు నుంచి వైరు లాక్కోమని ఇంటి ఓనరే చెప్తాడు. అది ఇంటి కనెక్షన్, దాని మీద దుకాణం నడిపితే విద్యుత్ చట్టం 2003లోని 126 సెక్షన్ కింద రెట్టింపు రేటుతో లెక్క కడతారు. ఎప్పటి నుంచి వాడావో తేలకపోతే వెనక్కి పన్నెండు నెలలకు వేస్తారు. నువ్వు వాడింది రెండు నెలలైనా బిల్లు ఏడాదికి వస్తుంది, ఓనరు నీ అడ్వాన్సులోంచి పట్టుకుంటాడు. కమర్షియల్ మీటరు ఉన్న మడిగె ముందే జాగా చూసుకో.

ఐస్, నీళ్ల విషయంలో అసలు రాజీ పడొద్దు. ఐస్ ఫ్యాక్టరీ దిమ్మలు సరుకు చల్లబరచడానికే, గ్లాసులో వేయడానికి కాదు. బోరు నీళ్లతో ఐస్ చేయకు, నల్గొండ జిల్లా నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చిన్న వ్యాపారానికి ఏడాదికి వంద రూపాయలే, ఆన్‌లైన్‌లో అవుతుంది. కంపెనీ లైసెన్సు ఉందిగా అంటే సరిపోదు, నీ పేరు మీద, నీ అడ్రస్ మీద ఉండాలి. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు దీనికి వేరే.

ఇక కాగితాలు. ఎండాకాలం అయిపోయినా నీ వెంట వచ్చేది ఇదొక్కటే. అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మేవాడు సంతకానికి కనీసం 14 రోజుల ముందు తన వివరాలన్నీ కాగితం మీద ఇవ్వాలని రూలుంది. మన దేశంలో ఫ్రాంచైజీల కోసం అలాంటి ప్రత్యేక చట్టం లేదు, అడిగి తీసుకోవాల్సింది నువ్వే. పోయిన ఏడాది సూర్యాపేట, మిర్యాలగూడ, జడ్చర్ల, మహబూబ్‌నగర్ వైపు ఎవరికి ఇచ్చారో పేర్లు అడుగు. నడుస్తున్న వాళ్ల నంబర్లు వాళ్లే ఇస్తారు. నువ్వు మాట్లాడాల్సింది మూసేసిన వాళ్లతో. డిపాజిట్ వచ్చిందా, వస్తే ఎన్ని నెలలకు వచ్చిందని అడుగు.

అగ్రిమెంట్‌లో నెలకు కనీసం ఇంత సరుకు ఎత్తాలి అనే ముక్క ఉందా చూడు. అదుంటే వాన పడ్డా బిల్లు పడుతుంది. రాయల్టీ అమ్మకం మీద ఉంటుంది, లాభం మీద కాదు. నష్టం వచ్చిన నెల కూడా కట్టాలి. మూడేళ్ల లాక్‌ఇన్, అంటే మూడేళ్ల దాకా మధ్యలో వదిలిపోవద్దనే షరతు ఉందంటే నీ కాలేజీ అయిపోయాక కూడా నువ్వు బాకీదారువే. నల్గొండ మొత్తం నీకే అని నోటితో చెప్తే లాభం లేదు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా రెండో కియోస్కు పెట్టరో రాయించు. గొడవ వస్తే హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో తేల్చుకోవాలని ఉంటుంది, అక్కడికి తిరిగే ఖర్చే డిపాజిట్‌ను మింగుతుంది. కన్జ్యూమర్ కమిషన్‌కు పోదాం అనుకుంటారు చాలామంది. వ్యాపారం కోసం కొన్నది చట్టం ప్రకారం వినియోగం కిందికి రాదు. బతుకుదెరువు కోసం సొంతంగా చేసుకునే పనికి మినహాయింపు ఉంది కానీ అది నీకు వర్తిస్తుందని నువ్వే రుజువు చెయ్యాలి.

సెక్యూరిటీకి అని సంతకం చేసిన ఖాళీ చెక్కు అడుగుతారు. ఇవ్వకు. అది బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కేసు, రెండేళ్ల దాకా జైలు లేదా చెక్కు మీది మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఇవ్వక తప్పదంటే అంకె, తేదీ రాసి, ఎందుకిచ్చావో ఆ చెక్కు నంబరుతో సహా అగ్రిమెంట్‌లోకి ఎక్కించు. ముగ్గురిలో ఎవరికైనా 18 నిండకపోతే అతని ఒప్పందం చెల్లదు, అప్పుడు వాళ్ల నాన్నను గ్యారంటీ సంతకానికి పిలుస్తారు. ఇంటి పెద్ద సంతకం పడిందంటే పోయేది నీ పైసలే కాదు. ముగ్గురూ భాగస్తులైతే 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ అప్పు మొత్తం ఒక్కొక్కరి దగ్గర నుంచీ వసూలు చెయ్యొచ్చు. జూన్‌లో ఒకడు బెంగళూరు పోతే మిగిలినోళ్లే కట్టాలి.

పెట్టుబడి గురించి ఒక్కటే చెప్తా: నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవొద్దు. రెండు లక్షలకు నెలకు ఆరు వేలు, ఏడాదికి 36 శాతం. పైన వేసిన లెక్కలో ఇది లేనేలేదు. కాలేజీ ఫీజు కట్టాల్సిన పైసలు, హాస్టల్ పైసలు అసలు ముట్టుకోకు. పైసలు పంపేముందు కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు ప్రభుత్వ సైట్లలో చూడు, రెండూ ఉచితమే. పేరున్న బ్రాండ్లకు అచ్చం అలాంటి సైట్లు పెట్టి రిజిస్ట్రేషన్ ఫీజు అని ఎవరిదో సొంత ఖాతాలో వేయించుకునే మోసాలున్నాయి. అలా పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.

చదువు సంగతి. మహాత్మాగాంధీ యూనివర్సిటీ అయినా పాలమూరు యూనివర్సిటీ అయినా సెమిస్టర్ పరీక్షలు సీజన్ మధ్యలో పడే అవకాశం ఉంది, తేదీ మారినా నీ చేతిలో లేదు. ముగ్గురిదీ ఒకే కాలేజీ అయితే పరీక్ష రోజు ముగ్గురిలో ఒక్కరూ కౌంటర్లో ఉండరు. అందుకే పై లెక్కలో హెల్పరు జీతం వేశాను. మనమే నిలబడతాం కదా అని దాన్ని కొట్టేసుకుంటే లెక్క మొత్తం తప్పుతుంది.

నా అభిప్రాయం అడిగితే, ఒక్క ఎండాకాలానికి లక్షన్నర ఫీజు కట్టొద్దు. ఐస్‌క్రీమ్ డిస్ట్రిబ్యూటర్లు కొందరు డిపాజిట్ మీద ఫ్రీజర్ పెట్టి, అమ్మిన సరుకు మీద మార్జిన్ ఇస్తారు. దాంట్లో లాభం తక్కువే, కానీ పోయేది కూడా తక్కువ, ఫీజు ఉండదు. బ్రాండే కావాలంటే ఈ ఏడాది వాళ్ల అవుట్‌లెట్లో జీతానికి చేరి సరుకు ఎట్లా వస్తుందో, ఎంత పారబోస్తారో చూడు.

అయినా తీసుకున్నారనుకో, మూసేటప్పుడు చేసే పనులు ఇప్పుడే రాసిపెట్టుకోండి. ఫ్రీజర్‌ను జూన్‌లో అమ్మితే సగం ధర కూడా రాదు, అప్పుడు అందరూ అమ్మేవాళ్లే. దాచే జాగా ఉంటే ఫిబ్రవరిలో అమ్ముకోండి. మే 20 కల్లా కొత్త సరుకు ఎత్తడం ఆపండి. మూసేసిన రోజే మిగిలిన సరుకు, మెషీన్లు, కియోస్కు ఫొటోలు తీసి కంపెనీకి మెయిల్ చెయ్యండి. డిపాజిట్ ఎప్పటికల్లా ఇస్తారో జవాబు మెయిల్‌లోనే రప్పించుకోండి. సెక్యూరిటీకి చెక్కు ఇచ్చి ఉంటే, బాకీ ఏమీ లేదన్న లెటరు మీద ఆ చెక్కు నంబరు ఉందో లేదో చూసి, చెక్కు చేతికి తీసుకున్నాకే కియోస్కు తాళాలు ఇవ్వండి.