కిట్టూకి, పోకర్ టోర్నమెంటు పెట్టేముందు

బ్రాడీపేట, గుంటూరు

ఒరే కిట్టూ,

రెండో శనివారం మీ ఆఫీసువాళ్ళు పన్నెండుమందితో పటమట ఫ్లాట్‌లో పోకర్ టోర్నమెంటు పెడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "పేకాటట అన్నయ్యా" అని గొంతు తగ్గించింది గానీ, టేబుళ్ళు ఎలా వెయ్యాలో కాగితం మీద గీసుకుంటున్నావని చెప్పేటప్పుడు మాత్రం మురిపెం దాచుకోలేకపోయింది. నాకూ అంతే. నలుగురిని పిలిచి ఓ పని నడిపించాలనుకున్నావు, సంతోషం. భయం కూడా ఉంది, అందుకే ఈ ఉత్తరం.

ముందు డబ్బు సంగతి. టేబుల్ మీద రూపాయి కనపడకూడదు. ఎంట్రీ ఫీజు వద్దు, చిప్‌కి ఇంతని లెక్క వద్దు, "సరదాకి తలా వంద" అసలే వద్దు. మనకి 1974 గేమింగ్ చట్టం ఉంది. పందెం ఆట నడిపించినవాడికి మూడో సెక్షన్, ఆడుతూ దొరికినవాళ్ళకి నాలుగో సెక్షన్. రమ్మీలో నేర్పే ప్రధానమని 1967లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు మీవాళ్ళలో ఎవడో ఒకడు ఎత్తుతాడు చూడు. అది మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసే, కానీ చెప్పింది పదమూడు ముక్కల రమ్మీ గురించి. పోకర్‌కి దాన్ని అడ్డం పెట్టుకోకండి. పోనీ ఫోన్లో ఆడుకుందామంటారా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రం చట్టమూ వచ్చింది. "పేకాట శిబిరంపై దాడి" అని పేపర్లో వేసే ఫోటో తెలుసుగా, ముందు నోట్ల కట్టలు, వెనక తల దించుకుని కూర్చున్న జనం. అందులో నీ మొహం మీ అమ్మ చూడకూడదు. గెలిచినవాడికి బహుమతి నీ తరఫున ఇవ్వు. గోంగూర పచ్చడి సీసా చాలు. బిర్యానీ ఖర్చు పంచుకుంటే గెలుపోటములతో పని లేకుండా అందరికీ సమానంగా, అదీ మర్నాడు వసూలు చేసుకో.

ఆట టెక్సస్ హోల్డెమ్ ఒక్కటే పెట్టు. రకాలు కలపకు.

టేబుళ్ళు రెండు, ఒక్కోదానికి ఆరుగురు. ఎవరెక్కడన్నది ముక్క తీయించి తేల్చు, లేకపోతే ఒకే టీమువాళ్ళు ఒకచోట చేరతారు. గ్రానైటు మీదా అద్దం మీదా ముక్కలు జారతాయి, తీసేటప్పుడు గోరుకి అందవు. మందపాటి దుప్పటి పరిచి అంచులు కిందకి బిగించి కట్టు. ఫ్యాను టేబుల్‌కి సరిగ్గా పైన ఉందేమో చూసుకో. పక్కన పడేసిన ముక్క గాలికి తిరగబడి రాజో రాణో అందరి కంటా పడిందంటే ఆ ఆటంతా తగువే. టేబుల్‌ని రెండడుగులు పక్కకి జరిపితే సరిపోతుంది. పేక ప్లాస్టిక్‌ది కొను. మన ఉక్కకి అట్టముక్కలు గంటలో వంగిపోతాయి, ఒంగిన ఆసుని ఎవడైనా గుర్తుపడతాడు. టేబుల్‌కి రెండు రంగుల పేకలు ఉంచు, ఒకటి పంచుతుంటే రెండోది పక్కవాడు కలుపుతాడు. జోకర్లు ముందే తీసెయ్.

చిప్స్ మనిషికి 5,000. ఇలా కట్టు: 25వి ఎనిమిది, 100వి ఎనిమిది, 500వి నాలుగు, 1,000వి రెండు. మనిషికి ఇరవై రెండు బిళ్ళలు. పన్నెండుమందికి 96, 96, 48, 24. మొత్తం 264. మూడువందల డబ్బా సరిపోతుంది గానీ రంగుల లెక్క చూసుకుని కొను, 100, 100, 50, 50 ఉన్నదైతేనే ఇది కుదురుతుంది. ముందురోజు రాత్రే జిప్ కవర్లలో పన్నెండు కట్టలు కట్టి ఉంచు. ఆ రోజు లెక్కపెడుతూ కూర్చుంటే అరగంట అక్కడే పోతుంది.

ప్రతి ఆటకి ముందు వంతు ప్రకారం ఇద్దరు తప్పనిసరిగా కట్టే చిన్న, పెద్ద బ్లైండ్లు పావుగంటకోసారి పెరగాలి. 25/50, 50/100, 75/150, 100/200, 150/300. ఇక్కడ ఇరవై నిమిషాలు విరామం, 25 విలువ బిళ్ళలన్నీ ఆటలోంచి తీసెయ్. నాలుగు బిళ్ళలకి ఒక వంద బిళ్ళ ఇచ్చి, ఒకటో రెండో మూడో మిగిలినవాడికి ఇంకో వంద ఇచ్చి సర్దెయ్. వందలు చాలకపోతే ఎక్కువున్నవాళ్ళ దగ్గర పది వంద బిళ్ళలు తీసుకుని ఒక 1,000 బిళ్ళ ఇవ్వు. తర్వాత 200/400, 300/600, 400/800, 600/1,200. ఐదు నిమిషాలు ఆపి 100లు కూడా ఇలాగే తీసెయ్. అక్కణ్ణుంచి 1,000/2,000, 1,500/3,000, 2,000/4,000.

పావుగంటే ఎందుకంటావా. కొత్తవాళ్ళు పంచితే గంటకి పాతిక ఆటలు దాటవు, అంటే పావుగంటకి ఆరు. ఆరుగురున్న టేబుల్‌లో అది సరిగ్గా ఒక చుట్టు, ఒక్కో రేటు దగ్గర అందరూ ఒకసారి కడతారు. పదిమందిని ఒకే టేబుల్‌కి ఇరికించావో, సగం మందికి పాత రేటు, మిగతా సగానికి కొత్త రేటు పడుతుంది.

ఇక అసలు జబ్బు. మన ఇళ్ళల్లో ఏ టోర్నమెంటైనా చెడేది నియమాలు తెలియక కాదు, మధ్యలో వచ్చే మొహమాటంతో. ఏడు గంటలకి ఒకడు అన్నీ పోగొట్టుకుంటాడు. "పాపం ఇప్పుడేగా వచ్చాడు, ఇంకో ఐదు వేలు ఇచ్చెయ్‌రా" అంటారు. ఇస్తావు. రెండోవాడు పోతాడు, వాడికీ ఇవ్వాలి. ఎనిమిదింటికి చిప్స్ తగ్గినవాళ్ళు ముగ్గురూ ఒకేసారి "బ్లైండ్లు పెంచకు, కాసేపు ఇలాగే ఉంచు" అంటారు. సరేనంటావు. ఇప్పుడు లెక్క చూడు. ఆటలో ఉన్నవి 60,000. మొత్తం చిప్స్ దాదాపు ఇరవై పెద్ద బ్లైండ్లకి సమానమయ్యేసరికి టోర్నమెంటు ముగుస్తుంది, అరవై వేలని ఇరవైతో భాగిస్తే 3,000. అది పదకొండో మెట్టు. పదకొండు పావుగంటలు, విరామాలు కలిపి మూడు గంటల పది నిమిషాలు. అదే 200/400 దగ్గర ఆపేశావనుకో, ఆటలో 150 పెద్ద బ్లైండ్లు ఉంటాయి. చివరికి ఇద్దరే మిగిలినా తలా 75. తెగించాల్సిన అవసరం ఇద్దరికీ లేదు. ఇద్దరూ జాగ్రత్తపరులైతే అర్ధరాత్రి దాకా ఒకరినొకరు చూసుకుంటూ కూర్చుంటారు. 1,500/3,000 దగ్గరైతే తలా పది, నాలుగైదు ఆటల్లో తేలిపోతుంది. అడిగినవాళ్ళకి నువ్వు చేసిన ఉపకారం ఆట అంతటినీ చంపుతుంది.

అంతకన్నా నన్ను భయపెట్టేది ఓడి ఖాళీగా ఉన్న ఎనిమిదిమంది. ఆట సాగుతున్నకొద్దీ వాళ్ళు ఊరికే కూర్చోరు. బాల్కనీలో చాప వేసి పది రూపాయల మూడు ముక్కలు మొదలెడతారు. తొమ్మిదింటికి అది వంద అవుతుంది. నువ్వు హాల్లో ఎంత నిష్ఠగా ఉన్నా, ఇల్లు నీది.

కాబట్టి నియమం ముందే రాసి ఫ్రిజ్‌కి అంటించు. మొదటి విరామంలోపు ఓడినవాడు ఒక్కసారి మళ్ళీ రావచ్చు, ఉచితంగా, కొత్త 5,000తో. విరామం దాటాక ఎవరికీ లేదు, నీక్కూడా. నలుగురు అలా తిరిగొస్తే మొత్తం 80,000, ముగింపు 4,000 దగ్గర, అంటే ఒక మెట్టు, పావుగంట ఎక్కువ. డబ్బాలో మిగిలిన 1,000 విలువ బిళ్ళలు అందుకే. విరామం తర్వాత మొదట ఓడినవాడికి గడియారం అప్పజెప్పు, రెండోవాణ్ణి ముక్కలు పంచమను, మిగతావాళ్ళకి క్యారమ్ బోర్డు వెయ్యి. చిన్నప్పుడు ఏడుపు మొహం పెట్టిన ప్రతివాడికీ క్యారమ్స్‌లో రెడ్ ఇచ్చేసేవాడివి. మంచి గుణమే, దాన్ని ఆ మూడు గంటలు మాత్రం పక్కన పెట్టు నాయనా.

మూడు ముక్కలాట అలవాటున్నవాళ్ళకి రెండు విషయాలు ముందే చెప్పు. పోకర్‌లో బ్లైండంటే ముక్కలు చూడకుండా ఆడటం కాదు, ఆ వంతు వచ్చినవాళ్ళు తప్పనిసరిగా కట్టేది. రెండోది, అక్కడ సీక్వెన్స్ (వరస ముక్కలు) కలర్‌ని (అన్నీ ఒకే గుర్తు ముక్కలు) కొడుతుంది, ఇక్కడ కలర్ సీక్వెన్స్‌ని కొడుతుంది. వాదించేవాడికి ఈ లెక్క చూపించు: మూడు ముక్కల్లో సీక్వెన్స్ 720 రకాలుగా వస్తుంది, కలర్ 1,096 రకాలుగా. ఐదు ముక్కల్లో సీక్వెన్స్ 10,200, కలర్ 5,108. ఏది అరుదైతే అదే పెద్దది. విలువల వరస ప్రింటు తీసి టేబుల్‌కి రెండు పెట్టు.

ఆల్-ఇన్, అంటే ఉన్న చిప్స్ అన్నీ ఒకేసారి తోసెయ్యడం, దాని లెక్క ఇంట్లో ఒకసారి చేసి చూసుకో. ఒకడి దగ్గర 800, రెండోవాడి దగ్గర 2,000, మూడోవాడి దగ్గర 3,000, ముగ్గురూ తోసేశారు. ప్రతివాడి నుంచి 800 తీసి 2,400 ఒక కుప్ప, దానికి ముగ్గురూ పోటీ. పెద్దవాళ్ళిద్దరి నుంచి ఇంకో 1,200 చొప్పున 2,400 రెండో కుప్ప, దానికి ఆ ఇద్దరే. మిగిలిన 1,000 మూడోవాడికి వెనక్కి. తక్కువ చిప్స్ ఉన్నవాడితో మొదలెట్టి ఎక్కువున్నవాడి వైపు లెక్క కడితే తప్పు రాదు.

ఒక టేబుల్‌లో ఇంకోదానికంటే ఇద్దరు ఎక్కువైతే ఒకణ్ణి జరుపు. ఎనిమిదిమంది మిగిలాక అందరినీ ఒకే టేబుల్‌కి చేర్చు. ఇద్దరే మిగిలినప్పుడు బటన్ (పంచే వంతు గుర్తు) ఉన్నవాడే చిన్న బ్లైండు కట్టాలి, ఇది చాలామంది తిప్పి చేస్తారు. రేటు మారే గంట మోగినప్పుడు నడుస్తున్న ఆట పాత రేటుతోనే పూర్తవుతుంది.

తిండి విరామంలోనే. పునుగులు, మిర్చి బజ్జీ టేబుల్ దగ్గరికి రానివ్వకు. బజ్జీ నూనె వేలికుంటే ముక్క వెనక మచ్చ పడుతుంది, ప్లాస్టిక్ కాబట్టి తడిగుడ్డతో పోతుంది గానీ దుప్పటికి పోదు. మీ అమ్మ ఊరుకోదు. మందు సంగతి నువ్వు ఎత్తలేదు, నేనూ ఎత్తను.

అయిదున్నరకి రమ్మను, ఆరింటికి మొదలెట్టగలుగుతావు. తొమ్మిదింపావుకి అటూ ఇటూగా తేలుతుంది, బిర్యానీ తొమ్మిదిన్నరకి చెప్పు. వాళ్ళు వెళ్ళకముందే చిప్స్ లెక్కపెట్టి డబ్బాలో పెట్టు, ఎవడి జేబులోనో రెండు ఉండిపోతాయి. ఎవడు గెలిచాడో మర్నాడు పొద్దున ఫోన్ చేసి చెప్పు. మీ అత్తయ్యకీ వినాలని ఉంది.

మీ మావయ్య