నీలి గాజు సీసాల కోసం లోన్ తీసుకోకండి

ప్రశ్న: ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. భార్య, ఒక పాప. జీతం చేతికి నెలకు 3,400 పౌండ్లు. ఇంటి ఖర్చు, గుంటూరులో అమ్మానాన్నలకు పంపేది కలిపి 2,900 అవుతుంది. పొదుపు 1,900. ఐదేళ్లుగా బంగారు పూత ఉన్న పాత ఇంగ్లిష్ రంగు గాజు సామాను సేకరిస్తున్నాను. అందుకోసం వాడిన క్రెడిట్ కార్డులో 3,800 బాకీ ఉంది, ఇంకో 7 నెలలు వడ్డీ లేదు. ఇప్పుడు పద్దెనిమిదో శతాబ్దంలో లండన్‌లో గాజు మీద బంగారు పూత వేసిన జేమ్స్ జైల్స్ పనితనం అంటున్న నీలి డికాంటర్ల (వైన్ వడ్డించే సీసాల) జత వేలానికి వస్తోంది. 4,000 దాకా పలకవచ్చు. పర్సనల్ లోన్ తీసుకుని కొనవచ్చా? అవసరమైతే అమ్ముకోవచ్చు కదా.

జవాబు: కొనకండి. ‘అవసరమైతే అమ్ముకోవచ్చు’ అన్న మీ మాట కోసమే ఈ జవాబు రాస్తున్నాను. పాత నాణేలు కొన్నవారూ, ఊరవతల స్థలం కొన్నవారూ నాతో ఇదే అంటారు.

అమ్మితే ఏమవుతుందో లెక్క వేద్దాం. పాట 4,000 దగ్గర ఆగితే, బయ్యర్స్ ప్రీమియం (కొన్నవారు వేలం సంస్థకు కట్టే రుసుము) 25 శాతం, దాని మీద వ్యాట్ కలిసి మీరు కట్టేది 5,200. మర్నాడే అదే 4,000కి అమ్మినా, 15 శాతం కమిషన్, దాని మీద వ్యాట్ పోగా చేతికొచ్చేది 3,280. పైగా జైల్స్ తన గాజు మీద సంతకం పెట్టలేదు. పూత తీరును చూసి నిపుణులు ఆయనదని చెబుతారు. రేపు ఇంకో వేలం సంస్థ కేటలాగ్‌లో ‘జైల్స్ శైలి’ అని రాస్తే ధర పడిపోతుంది.

అసలు ప్రమాదం మీ వీసాలో ఉంది. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను, అంటే వీసాకు పూచీపడే కంపెనీని, వెతుక్కోవడానికి సాధారణంగా ఇచ్చే గడువు 60 రోజులు. ప్రభుత్వ భృతుల్లో చాలావరకు మీకు దొరకవు. గాజు వస్తువును వేలానికి ఇస్తే కేటలాగ్, వేలం, చెల్లింపు అయ్యేసరికి నెలలు పడుతుంది. మీ 1,900 ఒక్క నెలకు కూడా చాలదు. ఆ 60 రోజుల్లో అద్దె ఎలా కడతారు? పాపను తీసుకుని గుంటూరు రావాలంటే టికెట్లకు డబ్బెక్కడిది?

కాబట్టి ముందు ఎమర్జెన్సీ ఫండ్. మొదటి మజిలీ రెండు నెలల ఖర్చు, 5,800. ఆ తర్వాత ఆరు నెలలది, 17,400. ఈ డబ్బు ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే ఖాతాలోనే ఉండాలి. మీకు నెలకు మిగిలేది 500. ఏడు నెలలూ అదంతా కార్డుకే కట్టినా 300 బాకీ ఉండిపోతుంది. అలాంటప్పుడు కొత్త లోన్ ఆలోచన ఎలా వచ్చిందండీ? మీ సేకరణలో తక్కువ ఇష్టమైన రెండు మూడు వస్తువులు ఇప్పుడే, తొందర లేనప్పుడే అమ్మేసి కార్డు తీర్చండి. అరిగిన పూత మీద కొత్త బంగారం వేయించి మాత్రం అమ్మవద్దు, విలువ తగ్గుతుంది.

జైల్స్ మీకు ఇష్టం కాబట్టి చెబుతున్నాను. ఆర్థిక ఇబ్బందుల్లో పడి 1774లో ఆయన సరుకే క్రిస్టీస్ వేలానికి వెళ్లింది. చివరికి ఆయన వ్యాపారం డెర్బీ పింగాణీ యజమాని విలియం డ్యూస్‌బరీ చేతికి పోయింది. బ్రిస్టల్ నీలి గాజు అడుగున బంగారు అక్షరాలతో పేరు వేసుకున్న ఐజాక్ జేకబ్స్ కూడా 1820లో దివాలా తీశాడు. అంత గొప్ప పనివాళ్లను కూడా వాళ్ల గాజు కాపాడలేకపోయింది.

అద్దె ఇల్లయితే ఓనర్ ఇన్సూరెన్స్ మీ సామానుకు వర్తించదు. మీ పేరున కంటెంట్స్ పాలసీ తీసుకుని, ఖరీదైన వస్తువులను విడివిడిగా రాయించండి, పొరపాటున పగిలితే వర్తిస్తుందో లేదో అడగండి. ఐసా (పన్ను లేని పొదుపు ఖాతా), షేర్ల మాట ఫండ్ నిండాక చూద్దాం.

వేలానికి ముందు వ్యూయింగ్ రోజున వెళ్లి ఆ డికాంటర్లను చేతుల్లోకి తీసుకుని తనివితీరా చూసి రండి. లోన్ దరఖాస్తు పెట్టి ఉంటే మాత్రం ఈరోజే రద్దు చేసుకోండి.