రేటు మారలేదు, బిల్లు పెరిగింది!

ప్రశ్న: జి+3 అపార్ట్‌మెంట్ కడుతున్నాం. మెటీరియల్ మాది, ప్లాస్టరింగ్ లేబర్ మేస్త్రీకి గుత్తకిచ్చాం. రేటు అదే ఉన్నా ప్రతి బిల్లూ అంచనా దాటుతోంది. పైగా ‘ఎక్స్‌ట్రా’లు అడుగుతున్నాడు. ఎలా అదుపు చేయాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు కొలతలు చూడండి. తలుపులు, కిటికీల తగ్గింపు ఒప్పందంలో రాయకపోతే గోడ మొత్తం కొలిచేస్తారు. ఐఎస్ 1200 (నిర్మాణ పనుల కొలతలకు భారతీయ ప్రమాణం) పద్ధతి అని రాసుకోండి. రెండు వైపులా ఒకే ప్లాస్టరింగ్ ఉంటే 0.5 చ.మీ. లోపు ఖాళీకి తగ్గింపు లేదు. 0.5 నుంచి 3 చ.మీ. వరకు ఒక వైపే తగ్గించాలి, ఖాళీ లోపలి పక్క అంచుల (గోడ మందం) పనికి అదనం లేదు. 3 దాటితే రెండు వైపులా తగ్గించి, అంచుల పని కలపాలి. అంటే 0.9×2.1 మీటర్ల తలుపుకు 1.89 చ.మీ. ఒక వైపు పోతుంది. 0.6×0.6 వెంటిలేటర్‌కు ఏమీ పోదు.

అసలు నష్టం మందంలో ఉంటుంది. ఇటుక గోడ గుండుకు రాకపోతే (నిట్టనిలువుగా లేకపోతే) 12 మి.మీ. పూత 20 అవుతుంది, మాలు (సిమెంటు, ఇసుక మిశ్రమం) 67 శాతం ఎక్కువ పడుతుంది. సిమెంటు మీది కాబట్టి మేస్త్రీకి పట్టదు, పైగా మందానికి ఎక్స్‌ట్రా అడుగుతాడు. గోడలన్నీ గుండు పట్టి చూశాకే ఇటుక మేస్త్రీకి ఆఖరి బిల్లివ్వండి.

పరంజా, కరెంటు గాడులు పూడ్చడం, పై అంతస్తుకు మాలు మోత ఎవరివో ముందే రాయండి. మిగతా ఎక్స్‌ట్రా ఏదైనా పనికి ముందు సంతకం చేసిన చీటీ ఉంటేనే బిల్లులో ఎక్కించండి. రేటు మాత్రం మరీ బిగించొద్దు. మేస్త్రీ మధ్యలో వదిలేస్తే, మిగిలిన ముక్క పనికి కొత్తవాడు అడిగే రేటే ఎక్కువ.