తెల్లవారేదాకా ఆగుదామనుకున్న రాత్రి

మీరు అడిగింది ఇదీ: మీ మగపిల్లి సాయంత్రం నుంచి ఇసుక డబ్బాలోకి వెళ్లి వస్తోంది, ఏమీ రావడం లేదు. కిందటిసారి కుక్కను అత్యవసర ఆసుపత్రికి తీసుకువెళ్తే రెండు గంటలు కూర్చోబెట్టి, చివరికి పెద్ద బిల్లు చేతిలో పెట్టారు. అందుకని ఈసారి పొద్దున్నే మామూలుగా చూపించే డాక్టరు దగ్గరికి వెళ్తే సరిపోదా?

సరిపోదు. మగపిల్లి పదే పదే కూర్చుంటున్నా ఇసుక తడవడం లేదంటే, ఇక్కడితో చదవడం ఆపి ముందు ఫోను చేయండి. మిగతాది ఆసుపత్రిలో కూర్చుని చదువుకోవచ్చు. అక్కడ సమయం బాగానే దొరుకుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీరు ఇప్పుడు చేస్తున్న ఆలోచనే నేను ఒకప్పుడు అక్షరం పొల్లుపోకుండా చేశాను. మా గండుపిల్లి పేరు బొగ్గు. అప్పుడు దానికి ఐదేళ్లు. ఒక సాయంత్రం ఇసుక తవ్వడం, కూర్చోవడం, లేచి రావడం, పది నిమిషాలకు మళ్లీ వెళ్లడం మొదలుపెట్టింది. మలబద్ధకం అనుకున్నాను. పిల్లి ముక్కుతూ కూర్చుంటే ఎవరికైనా ముందు తట్టేది అదే. రాత్రి పదింటికి ఒకసారి వాంతి చేసుకుంది. తరవాత చెప్పుల అర వెనక్కి దూరి, తోక కింద నాక్కుంటూ కూర్చుంది. నేను ఫోనులో వెతుకుతూ కూర్చున్నాను. ఇప్పుడు తలచుకుంటే, నేను వెతికింది రోగం గురించి కానే కాదు, తెల్లవారేదాకా ఆగవచ్చు అని ఎవరైనా రాశారేమోనని.

మూడింటికి దాన్ని ఎత్తుకోబోతే పొట్ట అడుగున నా అరచేతికి ఏదో తగిలింది. గట్టిగా, గుండ్రంగా, గాలి బిగించిన రబ్బరు బంతిలా. అంతవరకు మియావ్ అనడానికి కూడా బద్ధకించే పిల్లి, నేనెప్పుడూ వినని గొంతుతో అరిచింది. అప్పుడు ఫోను చేశాను. అవతల మాట్లాడినామె మూడే అడిగింది. మగదా, ఆడదా? చివరిసారి మూత్రం పోసింది ఎప్పుడు? వాంతులు అయ్యాయా? మూడో జవాబు పూర్తికాకుండానే, "బయలుదేరండి, దారిలో పొట్ట నొక్కవద్దు" అంది.

లోపల జరిగేది డాక్టరు తరవాత బొమ్మ గీసి చెప్పారు. మగపిల్లి మూత్రనాళం చివరికి వచ్చేసరికి బాగా సన్నబడుతుంది. అక్కడ జిగురు, స్ఫటికాలు కలిసిన ఒక చిన్న ముద్ద అడ్డుపడితే చాలు. మూత్రం వెనక్కి తన్నుతుంది, మూత్రపిండాలు పని ఆపేస్తాయి, బయటికి పోవలసిన పొటాషియం రక్తంలో పేరుకుంటుంది. పొటాషియం పెరిగితే గుండె నెమ్మదిస్తుంది, చివరికి ఆగిపోతుంది. పూర్తిగా మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో భయపడిన పిల్లి గుండె నిమిషానికి రెండు వందల దాకా కొట్టుకోవాలి. బొగ్గుది నూట పది. బెదిరిపోయిన పిల్లి గుండె అంత తాపీగా కొట్టుకోవడమే ప్రమాదమని నాకప్పటిదాకా తెలియదు.

ముందుగా గుండెను కాపాడటానికి కాల్షియం ఇచ్చారు. అది పొటాషియాన్ని తగ్గించదట, దాని దెబ్బ గుండెకు తగలకుండా కాసేపు అడ్డుపడుతుంది, అంతే. పొటాషియాన్ని రక్తంలోంచి కణాల్లోకి నెట్టడానికి గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్ ఇచ్చారు. ఆ తరవాతే మత్తు ఇచ్చి, సన్నని గొట్టం వేసి, అడ్డును కడిగి తీశారు. గొట్టాన్ని కుట్టు వేసి అలాగే ఉంచి, కింద సంచీ తగిలించారు. సంచీలోకి మొదట దిగింది మూత్రంలా లేదు, పలచని రక్తంలా ఉంది.

ఇదంతా నాకు కనబడలేదు, తరవాత విన్నాను. ఆ గంటలో నాకు కనబడింది వేరు. తలుపు దగ్గరే పిల్లిని నా చేతుల్లోంచి తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. ఒకమ్మాయి అట్టకు బిగించిన కాగితం తెచ్చి, గుండె ఆగితే తిరిగి కొట్టుకునేలా ప్రయత్నించమంటారా, వద్దంటారా అని అడిగింది. ఇంకా ఏం జబ్బో కూడా చెప్పలేదు, అప్పుడే ఈ ప్రశ్నా అని ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు అర్థమవుతోంది. గుండె ఆగిన నిమిషంలో వాళ్లు పిల్లిని వదిలి మనల్ని వెతుక్కుంటూ రాలేరు కదా. మీరూ దారిలోనే ఒక మాట అనుకుని ఉంచుకోండి. పూర్వం నుంచీ జబ్బుగా ఉన్న జంతువుకు గుండె ఆగితే, గుండె మీద ఒత్తి బతికించి ఇంటికి పంపగలిగేది చాలా తక్కువ, నూటికి పదికి మించదు. మత్తులో ఉండగా ఆగిన గుండె విషయంలో మాత్రం ఆశ చాలా ఎక్కువ. ఈ తేడా ఎవరూ చెప్పకపోతే మీరే అడగండి.

నా కోపం ఒకటి ఇంకా తీరలేదు, అది కూడా చెబుతాను. మూడో రోజు పొద్దున గొట్టం తీసి, మధ్యాహ్నానికే ఇంటికి పంపేశారు. గొట్టం తీశాక బొగ్గు తనంతట తాను మూత్రం పోసిందా అని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. రాత్రి ఎనిమిదింటికి మళ్లీ అదే తవ్వుడు, అదే కూర్చోవడం. రెండోసారి వేరే చోటికి తీసుకువెళ్లాను. అక్కడ గొట్టం తీశాక ఒక రాత్రంతా ఉంచుకుని, ఇసుక తడిసిన ఫోటో నాకు పంపి, అప్పుడు రమ్మన్నారు. గొట్టం తీసిన తరవాతి కొద్ది రోజుల్లో మళ్లీ మూసుకుపోవడం మామూలేనట. అలాంటప్పుడు ఇంటికి పంపేముందు చూడాలి, చూడలేదు. మొదటి చోట బొగ్గు ప్రాణం నిలబెట్టిన మాట నిజం, ఈ అలక్ష్యమూ నిజం.

ఇక మీ రెండు గంటల నిరీక్షణ గురించి. అక్కడ వరసలో ఎవరు ముందు వచ్చారన్నది లెక్కకు రాదు, ఎవరి ప్రాణం ముందు పోతుందన్నదే లెక్క. మా కుక్క రాజాకు ఒకసారి గోరు మొదలుకంటా చీలిపోయింది. నేలంతా రక్తం. నాకు అంతకు మించిన ప్రమాదం లోకంలో లేదు. మేము గుడ్డ చుట్టుకుని కూర్చుని గంట దాటింది. ఇంతలో ఇద్దరు మనుషులు దుప్పటిలో ఒక పెద్ద కుక్కను మోసుకొచ్చారు. లోతైన ఛాతీ ఉన్న జాతి. డోక్కుంటోంది, నురగ తప్ప ఏమీ రావడం లేదు. పొట్ట పక్కటెముకల కింద డోలులా బిగిసి ఉంది. కౌంటరులోని అమ్మాయి పేరు కూడా అడగలేదు, లోపలికి ఒక కేక వేసింది. కడుపు ఉబ్బి మెలితిరగడం అంటారు దాన్ని. కడుపు తనలో తాను తిరిగి రెండు వైపులా మూసుకుపోతుంది, గాలి పెరిగి పెద్ద రక్తనాళాలను నొక్కేస్తుంది. గాలి తీసి, ఆపరేషన్ చేసి కడుపును సరిచేసి, మళ్లీ తిరగకుండా పొట్ట గోడకు కుట్టకపోతే కొన్ని గంటల్లో ప్రాణం పోతుంది. రాజా గోరు ఆ రాత్రి రెండింటిదాకా ఆగింది, ఆగినందువల్ల దానికి ఏమీ కాలేదు. అయితే కూర్చోబెట్టారు కదా అని నోరు మూసుకుని కూర్చోవద్దు. ఊపిరి మారినా, చిగుళ్లు పాలిపోయినా, నిలబడలేకపోయినా వెంటనే వెళ్లి చెప్పండి. మొదట చూసినప్పటి అంచనాతోనే మిమ్మల్ని వరసలో పెట్టారు, తరవాతి మార్పు వాళ్లకు తెలియదు.

చిగుళ్లు అన్నాను కాబట్టి, ఇది ఈరోజే కుక్కకూ పిల్లికీ చూసి పెట్టుకోండి. పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. మామూలు రోజున ఎలా ఉంటుందో తెలిస్తేనే తేడా కనబడుతుంది. కొన్నింటికి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, అప్పుడు కింది కనురెప్ప లోపలి వైపు చూడాలి.

తెల్లవారేదాకా ఆగకూడనివి ఇంకా ఉన్నాయి. పిల్లి నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే ఆలోచించనే కూడదు, కుక్కకు అది సహజం, పిల్లికి కాదు. మూర్ఛ ఐదు నిమిషాలు దాటినా, ఒకే రోజులో రెండుసార్లు వచ్చినా అంతే. మన జ్వరం మాత్ర పారాసిటమాల్ పిల్లి కడుపులోకి వెళ్తే, ఒక్కటే అయినా సరే, బయలుదేరండి. దాన్ని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. లిల్లీ పూల పుప్పొడి ఒంటికి అంటుకుని పిల్లి నాక్కున్నా మూత్రపిండాలు పోతాయి. వడదెబ్బ తగిలిన కుక్కను మాత్రం ముందు చల్లని నీళ్లతో తడిపి, గాలి తగిలేలా చేసి, అప్పుడు బండి ఎక్కించాలి.

ఎలుకల మందు సంగతి వేరు, అది మనల్ని నమ్మించి మోసం చేస్తుంది. రాజా ఒకసారి ఆ పొట్లం కొరికి, ఆ సాయంత్రమంతా బంతితో ఆడుకుంది. ఇంత హుషారుగా ఉన్నదాన్ని ఆసుపత్రికి తీసుకువెళ్తే నవ్వుతారేమో అనిపించింది. ఎవరూ నవ్వలేదు. రక్తం గడ్డకట్టకుండా చేసే రకం మందు తిన్న కుక్క రెండు మూడు రోజులు బాగానే ఉంటుందట, తరవాతే లోపల రక్తస్రావం మొదలవుతుంది. పొట్లం వెంట తీసుకువెళ్లడం ఆరోజు నేను చేసిన ఒకే ఒక తెలివైన పని. ఎలుకల మందులన్నీ ఒకటి కావు. గడ్డకట్టనివ్వని రకానికి విటమిన్ కె1 విరుగుడు, వారాల తరబడి ఇవ్వాలి. బ్రోమెథలిన్ మెదడును వాచేలా చేస్తుంది, దానికి విరుగుడు లేదు. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువు పుట్టిస్తుంది, కాబట్టి తిండి పెట్టకూడదు, వాంతి చేయించినా గాలి ఆడే చోటే చేయించాలి. పొట్లం మీది పేరు చూడకుండా డాక్టరు ఏ దారి పట్టాలి? ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించమని మీకెవరైనా సలహా ఇస్తారు, వినవద్దు. ఆ ఉప్పే ఇంకో విషమవుతుంది.

డబ్బు విషయంలో నా అభిప్రాయం అందరికీ నచ్చకపోవచ్చు. మీ సందేహంలో తప్పు లేదు, అడిగే తీరే మార్చుకోవాలి. అంచనా కాగితంలో తక్కువ, ఎక్కువ అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిసారి నేను తక్కువ అంకె చూసి సంతకం పెట్టాను, అయ్యింది ఎక్కువ అంకెకు దగ్గరగా. ఇప్పుడు రెండోదే చదువుతాను. ప్రతి పరీక్షకూ ఒకటే ప్రశ్న అడుగుతాను: దీని ఫలితం బట్టి ఈ రాత్రి చేసే వైద్యం మారుతుందా? మారదంటే పొద్దుటికి వాయిదా వేయమంటాను. ఇలా అడిగినందుకు ఏ డాక్టరూ ఇంతవరకు నన్ను చిన్నచూపు చూడలేదు. ఇంతకు మించి నా దగ్గర లేదని మొదటి పది నిమిషాల్లోనే చెప్పేయండి. అప్పుడు ఆ డబ్బుతో అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడేది ఏదో వాళ్లు చూస్తారు. ప్రాణాపాయం తప్పించి, మిగతాది మీ మామూలు డాక్టరుకు అప్పగించే వీలు చాలాసార్లు ఉంటుంది. బీమా గురించి ఈ రాత్రి ఆలోచించి లాభం లేదు, అప్పటికే ఉన్న జబ్బుకు అది మామూలుగా వర్తించదు. ఇక, వైద్యానికి డబ్బు చాలక, నొప్పి లేకుండా సాగనంపమని అడిగినవాళ్లను నేను ఆ గదిలో చూశాను. వాళ్లను ఎవరైనా తప్పుపడితే నాకు నచ్చదు. తమ జంతువును ఇంట్లో నొప్పితో అరవనిచ్చి వదిలేయలేదు కదా.

బయలుదేరేటప్పుడు: పిల్లి అవస్థను అరనిమిషం వీడియో తీయండి, డాక్టరు ముందు అది బిగుసుకుపోయి ఏమీ చూపించదు. ఏది ఎన్ని గంటలకు మొదలైందో కాగితం మీద రాయండి. నొప్పిలో ఉన్నది మన పిల్లే అయినా కరుస్తుంది, మందపాటి తువాలులో చుట్టి పెట్టెలో పెట్టండి.

ఆ పెట్టె బొగ్గుకు ఇప్పుడు పడకగది. అప్పట్లో అటక మీద ఉండేది, ఆ రాత్రి దాన్ని దింపడానికే పావుగంట పట్టింది. ఇప్పుడు హాల్లో, తలుపు తీసి, పాత తువాలు పరిచి ఉంచుతాను. ఇసుక డబ్బాలు రెండయ్యాయి, నీళ్ల గిన్నెలు మూడు. పొద్దున లేచి కళ్లు నలుపుకుంటూ నేను చేసే మొదటి పని ఇసుకలో తడిసి గడ్డకట్టిన ఉండలు లెక్కపెట్టడం. మా ఇంట్లోవాళ్లు దీని మీద చాలా జోకులు వేస్తారు. ఈరోజు మూడు.

మీ పిల్లి సంగతి ఏమైందో వీలున్నప్పుడు ఇక్కడే రాయండి.