హబుల్ టెలిస్కోప్‌ని హైదరాబాద్ నుంచి మామూలు కంటితో చూడొచ్చా?

చూడొచ్చు, పైగా మనకి ఇది బాగా కలిసొచ్చిన ఊరు. భూమి చుట్టూ తిరిగే హబుల్ కక్ష్య భూమధ్యరేఖకి 28.5 డిగ్రీల వాలులో ఉంటుంది, అంటే అది ఉత్తరానికీ దక్షిణానికీ 28.5 డిగ్రీల అక్షాంశం దాకానే వెళ్తుంది, హైదరాబాద్ ఉన్నది 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కాబట్టి ఒక్కోసారి సరిగ్గా మన నెత్తి మీదుగానే వెళ్తుంది. బాగా ఉత్తరాన ఉన్న లండన్ వాళ్లకి ఆ భాగ్యం లేదు, వాళ్ల ఆకాశంలోకి అది రానే రాదు.

దానికి సొంత వెలుగు లేదు. కింద మనకి చీకటి పడి, పైన దాని మీద ఇంకా ఎండ పడుతున్నప్పుడే కనిపిస్తుంది, అంటే పొద్దుగూకిన గంటన్నర లోపు, లేదా తెల్లవారుజామున. అది కూడా కొన్ని రోజులు వరసగా కనబడి, తర్వాత కొన్నాళ్లు మాయమవుతుంది.

హెవెన్స్ అబవ్ వెబ్‌సైట్‌లో లొకేషన్ హైదరాబాద్ అని పెట్టి హబుల్ ఎంచుకుంటే టైమ్, దిక్కు, ఎత్తు (దిగంతం నుంచి ఎన్ని డిగ్రీలు పైన ఉంటుందో) అన్నీ ఇస్తుంది. టైమ్ మాత్రం అదే రోజు చూసుకోండి, కక్ష్య కొద్దికొద్దిగా మారుతుంటుంది కాబట్టి వారం కిందటి లెక్క తప్పొచ్చు. ఎత్తు 50 డిగ్రీలు దాటే రోజునే ఎంచుకోండి, మన సిటీ లైట్లలో అంతకన్నా కిందకి ఉంటే వెతకడం కష్టం.

డాబా ఎక్కి ఫోన్ పక్కన పెట్టేసి, పది నిమిషాలు కళ్లని చీకటికి అలవాటు పడనివ్వండి. పడమటి వైపు నుంచి తూర్పుకి, బాగా పైకొచ్చినప్పుడు దాదాపు గొల్లకావడి నక్షత్రాలంత వెలుగుతో, మిణుకుమనకుండా నిదానంగా జరిగే చుక్క, అదే. మిణుకుమిణుకుమంటే విమానం. సాయంత్రం పూట చాలాసార్లు ఆకాశం మధ్యలోనే ఎర్రబడి ఆరిపోతుంది, భూమి నీడలోకి వెళ్లిందన్నమాట. 1990 నుంచి తిరుగుతున్న ఆ యంత్రం అలా కళ్లముందే నీడలోకి జారిపోవడం చూడటమే నాకు అన్నిటికన్నా ఇష్టం.