గోడకి బొమ్మలేస్తామని ఆర్ట్ కాలేజీ వాళ్ళు వస్తే ఒప్పుకోవాలా?

మీ ప్రశ్న ఇది: మంగళగిరి దగ్గర మీ ఊరి హైస్కూల్ కమిటీలో మీరు సభ్యులు. ఒక యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగం నుంచి ఉత్తరం వచ్చింది. విద్యార్థులు వచ్చి స్కూల్ ప్రహరీ మీద బొమ్మలు వేస్తారట, పిల్లలకి వర్క్‌షాప్ పెడతారట. దీనివల్ల ఊరికి ఒరిగేదేమైనా ఉందా, లేక ఫొటోలు దిగి వెళ్ళిపోతారా అని అడిగారు.

రెండూ చూశానండి. నేను బీఎఫ్ఏ పెయింటింగ్ చదివాను. చదువుకునే రోజుల్లో నిచ్చెనెక్కి ఊళ్ళ గోడలకి రంగులేసిన బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. ఇప్పుడు విజయవాడలో డ్రాయింగ్ టీచర్‌ని, కాబట్టి నిచ్చెన కింద నిలబడి చూడటం కూడా అలవాటైంది. నా మటుకు ఒప్పుకోమనే చెబుతాను. కానీ వాళ్ళు తెచ్చిన బొమ్మకి కాదు. మీ ఊరు అడిగిన బొమ్మ వేస్తామంటేనే ఒప్పుకోండి.

ముందు వాళ్ళెందుకు వస్తారో తెలుసుకోవాలి. ఎన్ఎస్ఎస్‌లో, అంటే జాతీయ సేవా పథకంలో చేరిన పిల్లలకి ఏడాదికి 120 గంటల సేవ ఉంటుంది, దత్తత తీసుకున్న ఊళ్ళో ఏడు రోజుల శిబిరం ఉంటుంది. కొన్నిచోట్ల ఇలాంటి పనికి ఇంటర్నల్ మార్కులు కూడా కలుస్తాయి. ఇందులో తప్పేం లేదు, మార్కుల కోసం వచ్చినా మనసుపెట్టి పనిచేసే పిల్లలు బోలెడంతమంది. కాకపోతే వాళ్ళ క్యాలెండర్ సెమిస్టర్‌ది, మీ ఊరిది కాదు. పరీక్షలు దగ్గరపడితే సగం గోడ సగంలోనే ఆగిపోతుంది. సర్టిఫికెట్ మీద తేదీ ముందే పడి ఉంటే గోడ ఆరిందా లేదా అని కూడా చూడరు.

గోడ ఆరడం అన్నది ఊరికే అనడం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్ళన్నీ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి కదా. ఆ తర్వాత అటువైపు ఒక స్కూల్‌కి ఆర్ట్ విద్యార్థులు వస్తే, తెలిసిన టీచర్ పిలిచారని నేనూ వెళ్ళాను. వాళ్ళు తెచ్చుకున్న స్కెచ్ మీరు ఊహించగలరు: రెండు చేతుల మధ్య భూగోళం, అందులోంచి ఒక మొక్క, పక్కన పర్యావరణం గురించి ఒక నినాదం. కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా ఏ గోడకైనా ఇదే సరిపోతుంది. పిల్లల నోటుపుస్తకాల్లో మాత్రం అప్పటికే వేరే బొమ్మలు నిండిపోయి ఉన్నాయి. మేడ మీద కూర్చున్న అమ్మమ్మ, నీళ్ళలో తేలే ఫ్రిజ్, పడవలో నారింజ రంగు జాకెట్లు, పైనుంచి అన్నం పొట్లాలు దించే డ్రోన్లు. ఆ వరదల్లో డ్రోన్లతో తిండి అందించారు గుర్తుంది కదా. ఒక పిల్లాడు డ్రోన్‌కి నాలుగు మూలలా సీలింగ్ ఫ్యాన్లు తగిలించాడు, రెక్కలూ కాడా అన్నీ సరిగ్గా వేసి. తాడుకి వేలాడే పాల ప్యాకెట్ డ్రోన్‌కంటే పెద్దది.

మధ్యాహ్న భోజనం టైంలో విద్యార్థుల్లో ఒకమ్మాయి ఆ నోటుపుస్తకాలు తిరగేసింది. వెళ్ళి తమ మాష్టారితో ఏం మాట్లాడిందో గానీ సగం గోడకి స్కెచ్ మారిపోయింది. పిల్లల గీతలు దిద్దకుండా, ఉన్నవి ఉన్నట్టుగా గళ్ళు గీసి పెద్దవి చేశారు. సీలింగ్ ఫ్యాన్ల డ్రోన్ నాకంటే ఎత్తు అయింది. దారిన పోయేవాళ్ళు ఇప్పటికీ దాని దగ్గర ఆగి, మా ఇంట్లో నీళ్ళు ఇంతదాకా వచ్చాయి అని చేత్తో చూపించుకుంటూ మాట్లాడుకుంటారు. భూగోళం దగ్గర ఎవరూ ఆగగా నేను చూడలేదు.

అయితే రెండు బొమ్మలకీ కింది భాగం పోయింది. వరదలో నానిన గోడ పైకి పొడిగా కనిపించినా లోపల చెమ్మ ఉంటుంది. దాని మీద తేదీ తరుముతోందని పుట్టీ పెట్టి రంగేస్తే బుడిపెలు లేచి, ఉప్పు పూసి, పెచ్చులు ఊడాయి. మీది కూడా చెమ్మ పట్టి ఉంచే నల్లరేగడి నేలే కాబట్టి చెబుతున్నా: నేల నుంచి రెండడుగుల దాకా బొమ్మ వద్దనండి. అక్కడ ముదురు రంగు పట్టీ ఒకటి కొట్టి వదిలేస్తే వాన చిందులు పడినా ఏడాదికోసారి మీరే కొట్టుకోవచ్చు. ప్రైమర్ వేశాక బయటి గోడలకి వాడే ఎమల్షనే వాడాలి. పోస్టర్ కలర్లతో వస్తే మొదటి వానకే కాలవలోకి పోతాయి. రంగుల ఖర్చు ఎవరిదన్నది కూడా ముందే తేల్చుకోండి. లేకపోతే చివరికి హెడ్మాస్టారికే చేతి చమురు వదులుతుంది.

ఇక గోడ సంగతి పక్కన పెడదాం. నన్నడిగితే ఆర్ట్ కాలేజీకీ ఊరికీ మధ్య జరిగే పనుల్లో గోడ బొమ్మ అన్నిటికంటే తేలికైనది, విజయవాడ మొత్తం దాంతోనే సరిపెట్టుకుంది. 2016 కృష్ణా పుష్కరాలప్పుడు గోడలు, ఊళ్ళకి శుభ్రతలో ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ అప్పుడు మళ్ళీ గోడలు. అసలు పని ఊరివాళ్ళు కాలేజీ లోపలికి వెళ్ళినప్పుడు మొదలవుతుంది.

మేం చదివేటప్పుడు కొండపల్లి బొమ్మల కాలనీ నుంచి ఒక పెద్దాయన్ని వర్క్‌షాప్‌కి పిలిచారు. ఆయన తెల్లపొణికి చెక్క సంచీలో వేసుకొచ్చారు. చేతిలోకి తీసుకుంటే అసలు బరువే లేదు, ముందే సన్నటి సెగకి ఆరబెట్టి చెమ్మ తీసేశారు. మేమంతా అనాటమీ చదివినవాళ్ళం, బొమ్మ మొత్తం ఒకే చెక్కలో చెక్కబోయి వేళ్ళు విరగ్గొట్టాం. ఆయన మొండెం వేరు, చేతులు వేరు చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించారు. నా పక్కనున్న అబ్బాయి చేసిన ఆడమనిషి బొమ్మ కర్రలా నిలబడి ఉంది. పెద్దాయన దాన్ని తీసుకుని, మెడ దగ్గర మక్కు ఇంకా పచ్చిగా ఉందని చూసి, తలని బొటనవేలితో కాస్త పక్కకి వంచారు. అంతే, నెత్తిన కుండ పెట్టుకుని ఎవరో పిలిస్తే తిరిగి చూస్తున్నట్టు అయిపోయింది. తర్వాత సుద్ద పూత, అది ఆరాక రంగులు. మేం కిమ్మనకుండా చూశాం.

సాయంత్రం ఆయనకి శాలువా కప్పి, మెమెంటో చేతిలో పెట్టి, గ్రూప్ ఫొటో తీశారు. కూలి మాట ఎవరూ ఎత్తలేదు. బస్సు చార్జీలు కూడా ఆయన జేబులోంచే. ఆ రోజు ఇంట్లో కూర్చుని పని చేసుకుంటే వచ్చే డబ్బు ఎటూ పోయింది. మా మాష్టారొకరు దీని మీద గట్టిగా గొడవపడితే మరుసటి ఏడాది నుంచి పిలిచిన ప్రతి కళాకారుడికీ గౌరవ వేతనం ఇవ్వడం మొదలుపెట్టారు. ఇప్పుడైతే గొడవపడే అవసరం కూడా ఉండకూడదు. డిగ్రీ లేకపోయినా కళాకారుల్ని, చేతిపనివాళ్ళని కాలేజీల్లో పెట్టుకుని పాఠాలు చెప్పించవచ్చని యూజీసీ 2023లో మార్గదర్శకాలే ఇచ్చింది. మీ చుట్టుపక్కల గుంట మగ్గాల మీద మంగళగిరి చీరలకి నిజాం బోర్డర్ అంచు నేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ దగ్గరికి విద్యార్థుల్ని తీసుకెళ్తామంటే, మగ్గం ఆగిన గంటలకి డబ్బు ఎవరిస్తారని మొహమాటం లేకుండా అడగండి.

మనవైపు ఇదేం కొత్త సంగతి కాదు. స్వదేశీ ఉద్యమం రోజుల్లో బందరులో పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాలలో నేత, వడ్రంగం, చిత్రలేఖనం ఒకే ఆవరణలో నేర్పేవారు. ప్రమోద కుమార చటర్జీ బెంగాల్ నుంచి వచ్చి బొమ్మలు నేర్పింది అక్కడే. బరోడా యూనివర్సిటీ ఆర్ట్ కాలేజీ వాళ్ళది ఇంకో దారి. 1961లో ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్ మొదలుపెట్టి, మాష్టార్లూ విద్యార్థులూ కలిసి ఆటబొమ్మలు, చేతివస్తువులు చేసి ఊరివాళ్ళకి అమ్మారు. పేరున్న చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ కూడా కూర్చుని చెక్క బొమ్మలు చేశారు. గ్యాలరీ గుమ్మం తొక్కడానికి జంకే మనిషి కూడా తిరునాళ్ళలాంటి చోటికైతే పిల్లల్ని వెంటేసుకుని వస్తాడు.

నాగార్జున యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ వాళ్ళు పాత ఇనుప సామానుతో చేసిన బొమ్మలు మీరూ చూసే ఉంటారు. గేర్లు, బేరింగులు, బైక్ చైన్లు అతికించి చేస్తారు. ఇలాంటి పనికి మనకి ఆటోనగర్ ఉండటం అదృష్టం. సరుకు కిలోల లెక్కన దొరుకుతుంది, పైగా చెప్పేవాళ్ళూ దొరుకుతారు. బీడు (పోత ఇనుము) ముక్కకి మామూలు రాడ్‌తో వెల్డింగ్ పెడితే చల్లారేలోపు చిట్లుతుందని నాకు చెప్పింది అక్కడి వెల్డరే, మా సిలబస్‌లో ఆ ముక్క లేదు.

మీ పిల్లల విషయానికొస్తే, వర్క్‌షాప్ స్కూల్లో పెట్టడం కంటే ఒక రోజు పిల్లల్నే క్యాంపస్‌కి తీసుకెళ్ళమని అడగండి. బస్సు వాళ్ళు ఇస్తే మంచిది. మా స్కూల్ పిల్లల్ని ఒకసారి బొమ్మలు చెక్కి అచ్చువేసే ప్రింట్ మేకింగ్ స్టూడియోకి తీసుకెళ్ళాం. ఎనిమిదో తరగతి అమ్మాయి లినోలియం అనే మెత్తటి షీటు ముక్క మీద వాళ్ళ వీధి చెక్కింది. ఇంకు పూసి, కాగితం పరిచి, ప్రెస్ చక్రం తనే తిప్పింది. కాగితం లేపి చూస్తే అచ్చు అద్దంలోలా తిరగబడి, వాళ్ళ ఇల్లు ఎదుటివాళ్ళ వైపుకి, ఎదుటి ఇల్లు వీళ్ళ వైపుకి వెళ్ళిపోయింది. "అయ్యో టీచర్, మేం అద్దె మారిపోయాం" అంది. వారం తిరక్కుండా వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి, ఈ చదువు ఎన్నేళ్ళు, ఎంతవుతుంది, ఉద్యోగం వస్తుందా అని అడిగింది. ఇంటర్ తర్వాత నాలుగేళ్ళ కోర్సు అని చెప్పాను. ఉద్యోగాల గురించి కూడా ఉన్నదున్నట్టే చెప్పాను: యానిమేషన్, డిజైన్, టీచింగ్ ఉన్నాయి గానీ ఇంజనీరింగ్‌లా క్యూ కట్టి తీసుకెళ్ళరని. అలా ఒక ఇంట్లో ఈ మాట నడవడం నాకు పది గోడల కంటే ఎక్కువే అనిపించింది.

ఇంకో మాట. గోడ మీద తెలుగు అక్షరాలు మాత్రం విద్యార్థులకి వదలకండి. ఒత్తులు ఎగిరిపోతాయి, అక్షరాలు కంప్యూటర్ ఫాంట్‌లా బిగుసుకుపోతాయి. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయిన పాత సైన్‌బోర్డు ఆర్టిస్టు మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ఒకాయన ఉండే ఉంటాడు. డబ్బిచ్చి అక్షరాలు ఆయనతో రాయించండి, విద్యార్థుల్ని పక్కన నిలబడి చూడమనండి. కుంచె ఎత్తకుండా సున్నా చుట్టడం వాళ్ళకి ఇంకెక్కడా నేర్పరు.

వానాకాలం వద్దు. సంక్రాంతి వెళ్ళాక, ఎండలు ముదరకముందు పెట్టుకోండి. మీకొచ్చిన ఉత్తరంలో ఎన్ఎస్ఎస్ కోఆర్డినేటర్ నంబరు ఉండి ఉంటుంది. దానికి చేసి, ఆ విద్యార్థులకి క్లాసు చెప్పే మాష్టారి నంబరు అడిగి తీసుకోండి. ఆయన్ని ఒకసారి ఊరికి రమ్మనండి. గోడ చూసి, పిల్లలతో ఓ పూట కూర్చుని వెళ్ళాకే తేదీ ఖాయం చెయ్యండి.